పండరి నడకలో తోడు, అడగకుండా వచ్చే సలహాలు: తొలిసారి బయలుదేరే కోడలికి జవాబు

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ముందుగా క్లుప్తంగా చెప్పుకుని జవాబులోకి వస్తాను. సోలాపూర్ తెలుగు ఇంట్లో పుట్టి దెగ్లూర్‌లో మెట్టిన మీరు, షుగరు ఉన్న మీ అత్తమ్మగారితో కలిసి ఈ ఆషాఢ ఏకాదశికి మొదటిసారి పండరీపురం నడవాలనుకుంటున్నారు. కిందటి కోజాగిరి పున్నమికి పుట్టింటివాళ్ళతో సోలాపూర్ నుంచి తుల్జాపూర్‌కు రాత్రంతా నడిచినప్పుడు ఒక పెద్దమనిషి దారిలో కలిసి, మీ బూట్ల దగ్గర మొదలుపెట్టి, ఉద్యోగం మీదుగా, పిల్లలు ఇంకా ఎందుకు కలగలేదన్న దాకా సలహాలు చెబుతూనే వచ్చాడనీ, భవానీ అమ్మవారి గుడి చేరేసరికి మనసంతా చికాకుతో నిండిపోయిందనీ రాశారు. అందువల్ల దిండిలో, అంటే భజన చేసుకుంటూ కలిసి నడిచే భక్తుల గుంపులో, చేరడమా, అత్తాకోడళ్ళిద్దరే విడిగా నడవడమా అన్నది మీ మొదటి సందేహం. చేరితే ఈ సలహాల నుంచి మర్యాద చెడకుండా ఎలా బయటపడాలన్నది రెండోది.

మొదటిదానికి నా జవాబు సూటిగానే ఉంటుంది: దిండిలో చేరండి. అక్కడ సలహాలు ఉండవని కాదు, మొదట్లో ఎక్కువే ఉంటాయి. కానీ ఒక రాత్రి తోడు వేరు, రెండు వారాల తోడు వేరు. సోలాపూర్ నుంచి తుల్జాపూర్ సుమారు 45 కిలోమీటర్లు. ఆ రాత్రి మీ పక్కన నడిచిన ఆయన తెల్లవారేసరికి జనంలో కలిసిపోయాడు. తాను చెప్పిన మాట విని ఉంటే మీ కాలికి ఏమయ్యేదో ఆయనకు ఎన్నటికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. దెగ్లూర్ నుంచి ఉద్గీర్, లాతూర్, యేడ్శీ, బార్శీ, కుర్డువాడి మీదుగా పండరికి సుమారు 300 కిలోమీటర్లు. రోజుకు 20, 25 కిలోమీటర్ల చొప్పున నడిస్తే రెండు వారాలు పడుతుంది. ఈ దారిలో "చెప్పులు విడిచి నడువు" అని చెప్పిన అక్క ఆ రాత్రి బడి వరండాలో మీకు బారెడు దూరంలోనే పడుకుంటుంది, మర్నాడు మీరు కుంటుతుంటే మీ సంచీ ఆమె భుజానికే ఎక్కుతుంది. అందుకే మూడు నాలుగు ముక్కాములు, అంటే రాత్రి మజిలీలు, దాటేసరికి ఉత్త సలహాలు వాటంతట అవే తగ్గిపోతాయి, మిగిలినవి పనికొచ్చేవిగా ఉంటాయి. దారిలో ఎవరు ఏమి చెప్పినా నేను చూసేది ఒక్కటే: ఆ మాట ఫలితం తేలేదాకా ఆ మనిషి మనతో ఉంటుందా, లేక ముందు వచ్చే ఫాటాలోనే, దారి చీలేచోటే, మలుపు తిరిగిపోతుందా.

విడిగా నడిస్తే ప్రశాంతంగా ఉంటుందన్న మీ ఊహ సహజమే కానీ, ఈ దారిలో అది నిలవదు. ఇద్దరు ఆడవాళ్ళు సంచులు తగిలించుకుని రోడ్డు పక్కన పోతుంటే ప్రతి చాయ్ బండీ దగ్గరా, ప్రతి ఊరి వేపచెట్టు కిందా కొత్త మనుషులు ఆపి, అవే ప్రశ్నలు మొదటినుంచి అడుగుతారు. ఎక్కడినుంచి, ఎక్కడికి, మగదిక్కు ఎవరూ లేరా, బస్సులో పోరాదా. దిండిలో ఈ ప్రశ్నలన్నీ పతాక పట్టుకుని ముందు నడిచేవాళ్ళకో, దిండి పెద్దకో పోతాయి. ఊరివాళ్ళకు మీరు ఫలానా దిండి మనుషులు, అంతే. మీరు కోరుకునే ఏకాంతం గుంపు మధ్యలోనే ఎక్కువ దొరుకుతుందన్నది వినడానికి విడ్డూరంగా ఉండవచ్చు గానీ, నడిచినవాళ్ళెవరినైనా అడగండి.

పండరి నడకను తీర్చినవాళ్ళు మనుషుల మధ్య రాపిడి సంగతి ముందే ఆలోచించారనిపిస్తుంది. తుకారాం మహారాజ్ కుమారుడు నారాయణ మహారాజ్ 1685లో పల్లకీ నడకను మొదలుపెట్టారనీ, 19వ శతాబ్దంలో హైబత్‌బాబా ఆరఫళ్‌కర్ ఆళంది నుంచి వెళ్ళే జ్ఞానేశ్వర మహారాజ్ పల్లకీకి ఈనాటి క్రమశిక్షణ కుదిర్చారనీ వార్కరీలు, అంటే పండరికి నడిచే విఠల భక్తులు, చెప్పుకుంటారు. ఆ పెద్ద పల్లకీలో సాయంత్రం ముక్కాము చేరాక సమాజ ఆరతి జరుగుతుంది. పల్లకీ క్రమం చూసే చోపదారు వెండి కట్టిన దండం పైకెత్తగానే వేలమంది తాళాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఏదైనా దిండికి ఫిర్యాదు ఉంటే ఆ దిండివాళ్ళు మాత్రం తాళం ఆపరు. చోపదారు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, సంగతి విని, సర్దిచెప్పాకే ఆరతి ముందుకు సాగుతుంది. పోయిన వస్తువులూ, దొరికిన వస్తువులూ అక్కడే చెబుతారు. పగలంతా దారిలో ఒకరినొకరు సాధించుకోవడానికి బదులుగా, రోజుకు ఒక్కసారి, ఒక్కచోట, అందరి ఎదుట అడిగే ఏర్పాటు అది. మన సరిహద్దు ఊళ్ళ చిన్న దిండుల్లో చోపదారు, వెండి దండం ఉండకపోవచ్చు. కానీ సాయంత్రం హరిపాఠం పాడటం ముగిశాక దిండి పెద్ద దగ్గర కూర్చుని పది నిమిషాలు ఇలాంటివి మాట్లాడుకోవడం ఉంటుంది. మీకు ఎవరితోనైనా ఇబ్బంది అయితే దారిలో ఆ మనిషితో వాదించకండి, రాత్రి దిండి పెద్ద చెవిన వెయ్యండి. మర్నాడు వరుస మారుతుంది, ఎందుకు మారిందో ఎవరూ అడగరు.

వరుస సంగతి వచ్చింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. ముందు కాషాయ పతాకాలు, వాటి వెనక తాళాలవాళ్ళు, మధ్యన మృదంగం, వీణ పట్టిన వీణేకరి, ఆ తరువాత తులసి కోటను నెత్తిన పెట్టుకున్న స్త్రీలు, మిగిలిన ఆడవాళ్ళు; ఏ దిండి క్రమం దానిది, కొద్దిగా మారుతుంది. అభంగం, అంటే భక్తిపాట, పాడుతూ తాళం వేస్తున్న మనిషికి ఎవరూ సలహా చెప్పరు. తులసి నెత్తినెత్తుకున్న ఆడమనిషితో ఎవరూ పిల్లల సంగతి ఎత్తరు. సలహాలన్నీ పుట్టేది దిండి తోకలో, ఇద్దరిద్దరుగా విడిపోయి, సామాను మోసే టెంపో ఎప్పుడు కనబడుతుందా అని చూస్తూ నడిచే చివరి అర కిలోమీటరులో. కనుక మధ్యాహ్న భోజనానికి ముందు గంటలు వరుసలోనే ఉండండి. మరాఠీ అభంగాలు మీకు సోలాపూర్ నుంచీ చెవిన పడినవే. అత్తమ్మగారికి రాకపోయినా నష్టం లేదు, మన దిండుల్లో తెలుగు భజనలూ కలుపుతారు. తాళం పట్టడం ఒక వారం ముందు ఇంట్లో సాధన చేస్తే చాలు. లయ తప్పితే పక్కవాళ్ళు చూపుతోనే దిద్దుతారు, ఆ దిద్దుబాటు మాత్రం స్వీకరించండి.

ఇక సలహాల నాణ్యత గురించి. పాత వార్కరీలు చెప్పేవి అబద్ధాలు కావు, కానీ ప్రతి సలహాకూ ఒక సంవత్సరం ఉంటుంది, చెప్పేవాళ్ళు ఆ సంవత్సరాన్ని చెప్పరు. మన పంచాంగం చాంద్రమానం, మధ్యలో అధికమాసాలు వస్తాయి కాబట్టి ఆషాఢ ఏకాదశి ఇంగ్లీషు తేదీల్లో జరుగుతూ ఉంటుంది. 2023లో జూన్ 29న వచ్చింది. ఆ ఏడు రుతుపవనాలు మహారాష్ట్రకు ఆలస్యంగా చేరడంతో నడక చాలావరకు ఎండలోనే సాగింది. 2024లో జూలై 17న వచ్చింది, అప్పటికి నేల నానిపోయి ఉంది. 2025లో జూలై 6న వచ్చింది కానీ, రుతుపవనాలు మే నెలలోనే రాష్ట్రంలోకి దిగాయి. ఎండ ఏడు నడిచిన మనిషి "వానకోటు దండుగ, నీళ్ళు రెండు సీసాలు పెట్టుకో" అంటుంది. వాన ఏడు నడిచిన మనిషి "బూట్లు వద్దే వద్దు, ప్లాస్టిక్ చెప్పులు కొనుక్కో" అంటుంది. ఇద్దరూ తమ కాళ్ళ మీద నేర్చుకున్నదే చెబుతున్నారు. కాబట్టి ఎవరైనా గట్టిగా ఏదైనా చెప్పినప్పుడు కాదనకుండా, "మీరు ఏ ఏడు పోయిండ్రు? అప్పుడు వాన ఎట్లుండె?" అని అడగండి. సలహా అక్కడితో ఆగి కథ మొదలవుతుంది. ఆ కథలో మీకు పనికొచ్చే సంగతులు సలహాలో కంటే ఎక్కువే ఉంటాయి: ఏ ఊళ్ళో నీళ్ళకు ఇబ్బంది, ఏ ముక్కాములో పైకప్పు కారుతుంది, యేడ్శీ దగ్గర కొండదారిలో లారీలకు దారి ఇస్తూ ఎటు పక్కన నడవాలి.

పాదరక్షల మీద మాత్రం నా అభిప్రాయం చెప్పకుండా ఉండలేను. "దేవుని కాడికి పోవుడేంది, కాళ్ళకు బూట్లేంది తల్లీ? ఇప్పెయ్" అని మీతో కనీసం పదిమంది అంటారు. చెప్పులు లేకుండా నడుస్తామని మొక్కుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మొక్కు వాళ్ళది. మీ అత్తమ్మగారు ఆ మాట వినడానికి వీల్లేదు. షుగరు పదేళ్ళు దాటినవాళ్ళలో చాలామందికి అరికాళ్ళ స్పర్శ మొద్దుబారుతుంది. తారురోడ్డు కాలుతున్నా, తుమ్మముల్లు దిగినా వాళ్ళకు తెలియదు, పుండు పడ్డాక తెలుస్తుంది. మీ ఇద్దరికీ అలవాటైన, అర సైజు వదులుగా ఉన్న బూట్లు చాలు. నడక మొదటి రోజున కొత్త జత తొడిగినవాళ్ళకు రెండో రోజున కట్లు కట్టడం నాకు ఏటా ఉండే పని. లాతూర్ చుట్టుపక్కల నల్లరేగడి నేలలో వాన పడితే మట్టి బూటు అడుగున పొరలు పొరలుగా అంటుకుని అడుగు అడుగుకూ బరువెక్కుతుంది. అప్పుడు గట్టు మీద ఆగి పుల్లతో గీకి తీసుకోవాలి, లేదంటే పిక్కలు పట్టేస్తాయి. మధ్యాహ్నం విసావాలో, అంటే ఆగి సేదతీరేచోట, మేజోళ్ళు మార్చి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, మడమకు వ్యాసలీనో కొబ్బరినూనో రాయండి. ఇంతకంటే పాదాల గురించి ఎవరేమి చెప్పినా తల ఊపి ముందుకు పొండి.

తల ఊపడం గురించి నాకు గుర్తుండిపోయిన ఒక మనిషి ఉన్నాడు. మద్నూర్ వైపు నుంచి వచ్చే ముసలాయన, దిండిలో అందరూ కాకా అనేవారు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పగా నేను వినలేదు. ఒకసారి బార్శీ దాటాక, భగవంతుని గుడి దర్శనం చేసుకుని కుర్డువాడి దారి పట్టినప్పుడు, నా సంచీ పట్టీ మెడ పక్కకు జారి ఒరుసుకుంటున్నది. ఆయన వెనకనుంచి వచ్చి, నడుస్తూనే, పట్టీని రెండు వేళ్ళతో ఎత్తి భుజం ఎముక మీదికి జరిపి, కొక్కెం దగ్గర ఒక బెత్తెడు బిగించి, నా ముఖం కూడా చూడకుండా తాళం వాయించుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు. ఇలాంటివాళ్ళు ప్రతి దిండిలోనూ ఒకరిద్దరు ఉంటారు. మాటలు మోగే చోట వీళ్ళు కనబడరు. మొదటి రెండు రోజుల్లో వాళ్ళెవరో గమనించి, అత్తమ్మగారిని వాళ్ళకు దగ్గరగా నడిచేలా చూడండి.

మందుల విషయంలో మాత్రం మొహమాటం పెట్టుకోవద్దు. నేను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేసి రిటైరయ్యాను, ముక్కాములో సాయంత్రం కాళ్ళు చూసే పని నా మీదే పడుతుంది, కాబట్టి ఇది చూసి చెబుతున్న మాట. దారిలో వినబడే సలహాల్లో అన్నిటికంటే హాని చేసేది చేతిలో పెట్టే నొప్పి గోళీ. "ఇది ఏసుకో అక్కా, పొద్దుగాల వరకు ఒళ్ళు తేలికైతది" అని ప్రేమతోనే ఇస్తారు. అది చాలాసార్లు డైక్లోఫెనాకో, అలాంటిదే మరొకటో అయి ఉంటుంది. ఖాళీ కడుపున, రోజంతా చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు, అందులోనూ బీపీ, షుగరు మందులు వాడే పెద్దవాళ్ళు దాన్ని వేసుకుంటే కడుపుకూ మూత్రపిండాలకూ దెబ్బ. ఇచ్చినవారి మనసు నొప్పించనవసరం లేదు. అందుకుని, "మా డాక్టరును అడిగి ఏసుకుంట" అని చెంగున కట్టుకోండి. రెండోది, "పండరినాథుడే చూసుకుంటడు, పదిహేను రోజులు షుగర్ గోళీలు బంద్ చెయ్యి" అన్న మాట. మూడోది ఏకాదశి ఉపవాసం. గ్లిమిపిరైడ్ వంటి మందు వేసుకుని కడుపు మాడ్చి నడిస్తే షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు, వణుకు, పొంతనలేని మాటలు కనబడితే వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇచ్చి, తేరుకున్నాక తిండి పెట్టాలి. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యకుండా అంబులెన్సుకు 108 చెయ్యండి. ఉపవాసపు తిండి అంటే సగ్గుబియ్యం ఖిచిడీ, ఆలుగడ్డ. అవి ఇంకో వైపు షుగరును పెంచుతాయి. నడక రోజుల్లో మోతాదు ఎంత, ఏకాదశినాడు ఏమి చెయ్యాలి అన్నది బయలుదేరకముందే వాళ్ళ డాక్టరు దగ్గర కాగితం మీద రాయించుకోండి. దారిలో వాదన వచ్చినప్పుడు కోడలి మాట కంటే ఆ కాగితం ఎక్కువ పని చేస్తుంది.

పొక్కుల మీద కూడా ఒక ముక్క. సూదిలో దారం ఎక్కించి పొక్కులోంచి లాగి దారాన్ని అక్కడే వదిలెయ్యడం మన వైపు బాగా అలవాటు. దారం వెంట మురికి లోపలికి పోతుంది. చిన్న పొక్కును ముట్టకుండా పైన మెత్తగా కట్టు కట్టాలి. నడవనివ్వనంత పెద్దదైతే శుభ్రం చేసిన సూదితో అంచున గుచ్చి నీరు మాత్రం వదిలి, పైతోలు అలాగే ఉంచి కప్పాలి. అత్తమ్మగారికి వస్తే అదీ వద్దు, ఎక్కడ దగ్గరలో దవాఖానా ఉంటే అక్కడ చూపించండి. వారీ, అంటే ఈ పండరి నడక, రోజుల్లో పెద్ద ఊళ్ళ దగ్గర ఉచిత వైద్య శిబిరాలు పెడతారు.

చాయ్ సంగతి తేలిక. ప్రతి ఊళ్ళోనూ చక్కెర దట్టించిన చాయ్‌తో ఎదురొస్తారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. కప్పు అందుకుని కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకు అందిస్తే ఎవరికీ ఏమీ అనిపించదు.

ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా తోచే మాట చెప్పాలి. మీ ప్రశ్నలో అత్తమ్మగారి గురించి రాసినవన్నీ మళ్ళీ చదవండి: ఆమె వేగంగా నడవకూడదు, ఉప్పు తగ్గించాలి, తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకోకూడదు, అందరితో మాటలు పెట్టుకోకూడదు. ఇందులో ఆమె మిమ్మల్ని అడిగినది ఏదైనా ఉందా? తుల్జాపూర్ దారిలో ఆయన మీకు చేసిందే రెండు వారాల పాటు మీరు ఆమెకు చేసే ప్రమాదం ఉంది, పైగా ఆమెకు మలుపు తిరిగి పోవడానికి వేరే దారి కూడా లేదు. పొలం పనులు చేసి పెరిగిన ఆడవాళ్ళకు తమ నడక తమకు తెలుసు. చెమట ఎక్కువ పోసే రోజున ఉప్పు తగ్గించమనడం మంచిది కాదు కూడా. బీపీకి డాక్టరు ప్రత్యేకంగా చెప్పి ఉంటే తప్ప, మజ్జిగలో చిటికెడు ఉప్పు ఉండాల్సిందే. మందుల వేళ, పాదాల పరీక్ష, ఈ రెండింటి మీద మీ మాట నెగ్గించుకోండి. మిగతావి ఆమెకే వదిలెయ్యండి.

ఈ రెండింటి గురించీ, ఇంకొన్నింటి గురించీ ఇంట్లో ఉండగానే ఇద్దరూ మాట్లాడుకోవడం మంచిది. ఎవరి నడక నిదానమైతే వారిదే వేగం, ఇది మొదటి ఒప్పందం. మీరు గబగబా ముందుకుపోయి చెట్టుకింద కూర్చుని ఆమె రాగానే లేచి బయలుదేరితే, ఆమెకు విశ్రాంతి ఎప్పుడూ దొరకదు. ముందు వెళ్ళినవాళ్ళు వెనకవాళ్ళు వచ్చి కూర్చుని నీళ్ళు తాగేదాకా లేవకూడదు. తెల్లవారుజామున కాకడ ఆరతి అయ్యాక మొదటి విసావా దాకా ఇద్దరూ మాట్లాడుకోకూడదని పెట్టుకోండి, మీ ప్రశాంతత ఆ రెండు మూడు గంటల్లో దొరుకుతుంది. ఇంటి లెక్కలు, ఆడపడుచు సంగతులు ఉద్గీర్ దాటాక ఎత్తకూడదని నేను, మా వదిన ఒప్పందం చేసుకున్నాం. ఆమె దాన్ని నాకంటే బాగా పాటించింది. రాత్రి పడుకునే ముందు ఒకరి అరికాళ్ళు ఒకరు టార్చి వెలుగులో చూడండి. ఇద్దరూ చూపించుకుంటారు కనుక అది తనిఖీలా ఉండదు.

పిల్లల గురించి అడిగేవాళ్ళ సంగతికి వస్తే, వాళ్ళు దిండిలోనూ ఉంటారు. సంజాయిషీ మొదలుపెట్టకండి, ఒక కారణం చెబితే దానికి పది మందులు వస్తాయి. "రామకృష్ణ హరి, మావులీ" అని, వార్కరీలు పలకరించుకునే తీరులోనే, చెయ్యి జోడించి తాళం అందుకోండి. వార్కరీలలో చిన్నాపెద్దా తేడా లేకుండా ఒకరి పాదాలకు ఒకరు మొక్కుకునే ఆచారం ఉంది కదా, మాట సాగదీస్తున్న మనిషి పాదాలకు వంగి మొక్కితే ఆమె కూడా వంగక తప్పదు, లేచేసరికి ఆ మాట తెగిపోతుంది. ఇది తప్పించుకోవడానికి ఎత్తు అనుకోనవసరం లేదు, అక్కడి పద్ధతే అది. అయినా వదలకపోతే ఆమె గురించి అడగండి. చాలామంది పెద్దవాళ్ళు, ముఖ్యంగా కోడళ్ళు దూరమై ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళు, సలహా చెప్పడం తప్ప పరాయి పిల్లతో మాట కలిపే దారి తెలియనివాళ్ళు. మీ ఊరేది కాకూ, మొదట ఎవరితో వచ్చిండ్రు అని ఒక్కమాట అడిగితే, తరువాత నాలుగు కిలోమీటర్లు ఆమె చెబుతుంటే మీరు ఊ కొడుతూ హాయిగా నడవవచ్చు. అదే మగవాడు పదేపదే ఇలాంటివి ఎత్తుతుంటే ఈ మర్యాదలేవీ అక్కరలేదు. మొదటిసారే ముఖం మీద చాలించమని చెప్పి, ఆ సాయంత్రమే దిండి పెద్దకు చెప్పండి.

నెలసరి వస్తే ఏమి చెయ్యాలని అడగలేదు గానీ, రెండు వారాల నడకలో అది రావడం మామూలే, దాని మీద సలహాలూ మామూలే. దిండిలో ఆడవాళ్ళు దీన్ని తమలో తాము సర్దుకుంటారు. తులసి, వీణ దగ్గర పాటించే పద్ధతి ఒక్కో దిండిలో ఒక్కోలా ఉంటుంది, నడకను ఎవరూ ఆపరు. మీ దిండిలో ఎలాగో ముందే ఒక పెద్దామెను అడిగి తెలుసుకోండి, సరిపడా ప్యాడ్లు టెంపోలో వేసే సంచీలో కాకుండా భుజాన ఉండే సంచీలో పెట్టుకోండి. ఆ రోజుల్లో బరువు పక్కవాళ్ళకు ఇవ్వడానికి సిగ్గుపడకండి.

తోడు బెడిసేది చాలాసార్లు దారిలో కాదు, పండరిలో. 1906లో కుర్డువాడి నుంచి పండరికి చిన్న రైలు వచ్చినప్పుడు ఇక నడిచేవాళ్ళు తగ్గుతారని ఎవరైనా అనుకుని ఉంటే, ఏకాదశినాడు చంద్రభాగ నది ఒడ్డున నిలబడి చూస్తే చాలు. ఆ జనంలో పాదదర్శనం వరుస చాలా గంటలు, ఒక్కోసారి రోజుకు మించి పడుతుంది. రెండు వారాలు ఒక్క మాట అనుకోనివాళ్ళు ఆ వరుసలో నిలబడదామా వద్దా అన్నదాని మీద గొడవపడటం నేను చూశాను. ఒకరు విఠలుని పాదాలకు తల ఆనించకపోతే నడిచిన ఫలం లేదంటారు, ఇంకొకరికి కాళ్ళు నిలవవు. ముఖదర్శనం వరుస వేరుగా, త్వరగా కదులుతుంది. చాలామంది వార్కరీలు నామదేవుని మెట్టుకూ, దాని ఎదురుగా ఉన్న చోఖామేళా సమాధికీ మొక్కి, గోపుర కలశం చూసి దణ్ణం పెట్టుకుని వెనుదిరుగుతారు, వాళ్ళ వారీలో లోటేమీ లేదు. మీ అత్తమ్మగారికి ఏది కావాలో కుర్డువాడి ముక్కాములోనే అడగండి. ఆమె వరుసలో నిలబడతానంటే మందులు, గ్లూకోజు పొట్లం, నీళ్ళ సీసా, మీ నంబరు రాసిన చీటీ ఆమె చెంగున కట్టి, దిండిలోని ఇద్దరు ఆడవాళ్ళను తోడు పంపండి. మీకు నిలబడాలని లేకపోతే మీరు నిలబడనక్కరలేదు. ఏకాదశినాడు అక్కడ ఫోన్లు సరిగా కలవవు, కనుక దిండి దిగిన మఠం పేరు, దానికి దగ్గరి ఘాట్ పేరు ఆమె చేత రెండుసార్లు చెప్పించండి.